చేతిలోని కన్నుకు ఒకే అర్థం కాదు

సంపాదకులకు నమస్కారం.

అరచేతి మధ్య నీలి కన్నున్న బిళ్లలు ఇప్పుడు కారు అద్దాలకూ తాళంచెవుల గుత్తులకూ వేలాడుతున్నాయి. ‘ప్రపంచమంతటా దిష్టి తగలకుండా పెట్టుకునే గుర్తు’ అని వాటిని ఒక్క మాటలో తేల్చేయడం సరికాదని ఈ లేఖ రాస్తున్నాను.

మా అమ్మాయి తెచ్చిన ఇత్తడి బిళ్లను పరీక్షగా చూస్తే చిటికెనవేలు కనిపించలేదు. రెండు పక్కలా బయటికి వంగిన బొటనవేళ్లే ఉన్నాయి. ఉత్తర ఆఫ్రికా, పశ్చిమాసియాల్లో దీన్ని ఖమ్సా అంటారు, అంటే అరబ్బీలో అయిదు. ముస్లింలు ఫాతిమా హస్తమనీ, యూదులు మిర్యాము హస్తమనీ పిలుచుకునే ఈ గుర్తును నిజంగానే దిష్టికి విరుగుడుగా భావిస్తారు.

అయితే అమెరికాలోని అలబామాలో, సుమారు క్రీ.శ. 1000 నుంచి క్రీ.శ. 1450 వరకు ఆదివాసులు నివసించిన మౌండ్‌విల్‌లో దొరికిన గుండ్రటి రాతిపలకపై, కొమ్ములున్న రెండు పాములు ముడివేసుకొని చుట్టిన చేతిలోనూ కన్ను ఉంది. అది చనిపోయినవారి ఆత్మలు పరలోకానికి వెళ్లే ద్వారమని పలువురు పరిశోధకుల వ్యాఖ్యానం. టిబెట్ బౌద్ధులు కొలిచే శ్వేత తార అనే దేవతకు ముఖాన మూడు, అరచేతుల్లో రెండు, అరికాళ్లలో రెండు కళ్లు. అవి బాధపడే ప్రాణులను చూసే కరుణకు గుర్తు.

మన పీర్ల పంజాను కూడా ఇదే గాటన కట్టడం మరీ బాధాకరం. ఆ అయిదు వేళ్లు ప్రవక్త, అలీ, ఫాతిమా, హసన్, హుస్సేన్‌లను తలపిస్తాయి. కర్బలా శోకంలో ఊరంతా కలిసి ఎత్తుకునే ఆ పంజాను దిష్టిబొమ్మల వరుసలో చేర్చి రాయవద్దని మనవి.

— ఒక పాఠకురాలు, వరంగల్