డాంగిల్ డబ్బా మీద లినక్స్ మాటేది?

సంపాదకులకు,

అయ్యా,

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కు సరిపడని పాత కంప్యూటర్లను పారేయకుండా వాటిలో లినక్స్ (విండోస్‌కు బదులు ఉచితంగా వాడుకోగల ఆపరేటింగ్ సిస్టమ్) వేసుకోవలసిందిగా పత్రికల సాంకేతిక పేజీలు అప్పటినుంచి సలహా ఇస్తున్నాయి. సలహా మంచిదే. కాని ఆ రాతలన్నీ ఇంట్లో వైఫై ఉందన్న ధీమాతోనే మొదలవుతున్నాయి. ఫైబర్ తీగ ఇంకా చేరని మన్యం పల్లెల్లో కంప్యూటర్‌కు నెట్ కావాలంటే, సిమ్ కార్డు వేసి గుచ్చే యూఎస్‌బీ మోడెమ్, అంటే మనం డాంగిల్ అని పిలుచుకునేదే, నేటికీ దిక్కు. అది లినక్స్‌లో పనిచేయదని దుకాణదారులు తేల్చి చెప్పడం, ఆ మాట నమ్మినవారు మళ్లీ విండోస్ దొంగ కాపీని వెతుక్కోవడం నేను పలుమార్లు చూశాను. ఆ మాట నిజం కాదనీ, లోటు లినక్స్‌లో కంటే డబ్బా మీద ముద్రించకుండా వదిలేసిన సమాచారంలోనే ఎక్కువగా ఉందనీ మనవి చేయడానికి ఈ లేఖ రాస్తున్నాను.

పాడేరుకు కొంత దూరంలోని మా ఊరి గ్రంథాలయానికి ఎవరో దాతలు రెండు పాత కంప్యూటర్లు ఇచ్చారు. యంత్రాలు బలహీనమైనవి కావడంతో వాటిలో లినక్స్‌లో ఒక రకమైన డెబియన్‌ను అత్యవసరమైన భాగాల వరకే ఎక్కించాను. పట్నంలో ఒక దుకాణం నుంచి డాంగిల్ తెచ్చాము. పెట్టగానే పనిచేస్తుందని డబ్బా మీద పెద్ద అక్షరాలతోనూ, విండోస్, మ్యాక్ అన్న రెండు పేర్లు చిన్న అక్షరాలతోనూ ఉన్నాయి. గుచ్చితే దీపమైతే వెలిగింది గాని, తెర మీద మోడెమ్‌కు బదులు ఒక సీడీ బొమ్మ కనిపించింది. దానిలో ఉన్నవన్నీ విండోస్ ఫైళ్లే. దుకాణానికి ఫోన్ చేస్తే, "మాస్టారూ, దానికి విండోస్ ఉండాల్సిందే, లేకపోతే వెనక్కి తెచ్చేయండి" అన్నారు. వెనక్కి తీసుకువెళ్లడమంటే రానుపోను బస్సు చార్జీలు, ఒక పూర్తి రోజు. ఆ బద్ధకమే నన్ను కారణం వెతికేలా చేసిందని ఒప్పుకోవాలి.

కారణం తెలిశాక, ఇందులో దాపరికం కంటే సౌకర్యం కోసం చేసిన ఏర్పాటే ఎక్కువని అర్థమైంది. డ్రైవర్ (పరికరాన్ని కంప్యూటర్ వాడుకునేలా చేసే ప్రోగ్రాం) సీడీని విడిగా ఇచ్చే ఖర్చు లేకుండా, తయారీదారులు డాంగిల్‌లోనే కొంత జ్ఞాపక స్థలంలో విండోస్ డ్రైవర్లను దాచి ఉంచుతారు. గుచ్చిన వెంటనే అది తనను తాను సీడీ డ్రైవ్‌గా పరిచయం చేసుకుంటుంది. విండోస్‌లో ఆ సీడీలోని ప్రోగ్రాం నడిచి, "ఇక మోడెమ్‌గా మారు" అన్న ఆదేశాన్ని పంపిస్తుంది. లినక్స్‌లో ఆ ప్రోగ్రాం నడవదు కనుక ఆదేశం అందదు; ఆదేశం అందని డాంగిల్ సీడీగానే ఉండిపోతుంది. ఈ ఆదేశాన్ని పంపడానికే జోషువా డీట్జ్ అనే ప్రోగ్రామర్ యూఎస్‌బీ మోడ్‌స్విచ్ అన్న చిన్న సాధనాన్ని రాసి, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌గా అందరికీ ఇచ్చారు. ఏ నమూనాకు ఏ ఆదేశం పంపాలో చెప్పే పట్టిక కూడా దానితోనే వస్తుంది.

మార్పు జరిగిందా లేదా అని చూడటానికి టెర్మినల్‌లో, అంటే ఆదేశాలు టైపు చేసే కిటికీలో, ఎల్ఎస్‌యూఎస్‌బీ (lsusb) అన్న ఒక్క మాట కొడితే చాలు. ప్రతి యూఎస్‌బీ పరికరానికీ కోలన్ (:) గుర్తుతో వేరుచేసిన రెండు సంఖ్యలు కనిపిస్తాయి. మొదటిది తయారీదారుది, రెండవది నమూనాది. హువావే తయారీ అయితే మొదటి భాగం 12డి1 అనీ, జెడ్‌టీఈ అయితే 19డి2 అనీ ఉంటుంది. హువావే పాత 3జీ నమూనాలు చాలావాటిలో సీడీగా ఉన్నప్పుడు రెండవ భాగం 1446 అనీ, మోడెమ్‌గా మారాక 1001 అనీ చూపిస్తుంది. వస్తువు ఒకటే, సంఖ్యలు రెండు. ఈ ఒక్క సంగతి తెలిస్తే, పనిచేయడం లేదని వెనక్కి ఇచ్చే డాంగిళ్లలో చాలావాటికి ఆ ప్రయాణం తప్పుతుంది.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. ఉబుంటు వంటి పెద్ద లినక్స్ రకాల్లో యూఎస్‌బీ మోడ్‌స్విచ్ ముందే ఉంటుంది. నాలాగా కోసి కోసి వేసుకున్నవారు దానిని నెట్ నుంచే తెచ్చుకోవాలి. నెట్ రావాలంటే అది కావాలి. పెళ్లయితే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెళ్లి కాదన్నట్టు ఉంటుంది వ్యవహారం. ఆ ముడిని ఫోన్‌తో విప్పాను. ఆండ్రాయిడ్ ఫోన్‌ను కేబుల్‌తో కలిపి, సెట్టింగుల్లో యూఎస్‌బీ టెథరింగ్ (ఫోన్ నెట్‌ను కేబుల్ ద్వారా పంచడం) నొక్కితే లినక్స్ దానిని నెట్‌వర్క్ కార్డుగా గుర్తిస్తుంది. ఆ పది నిమిషాల్లో కావలసినవి దించుకున్నాను. ఫోన్ ఉండగా డాంగిల్ దేనికని కొందరు అడుగుతారు. ఫోన్ దాని యజమానితో పాటు ఇంటికి వెళ్లిపోతుంది. గ్రంథాలయం మాత్రం సాయంత్రం వరకూ తెరిచే ఉండాలి.

మోడెమ్‌గా మారిన తర్వాత లినక్స్ మూలభాగమైన కెర్నల్‌లోని ఆప్షన్ అనే డ్రైవర్ దానికి టీటీవైయూఎస్‌బీ0, టీటీవైయూఎస్‌బీ1 వంటి పేర్లతో ద్వారాలు తెరుస్తుంది. మోడెమ్‌మేనేజర్, నెట్‌వర్క్‌మేనేజర్ అన్న కనెక్షన్ సాధనాలు ఉన్న కంప్యూటర్‌లో ఇక దేశం, కంపెనీ, ప్లాను ఎంచుకుంటే సరిపోతుంది. అవి లేని చోట డబ్ల్యూవీడయల్ అన్న పాత సాధనంతో *99# అన్న నంబరుకు డయల్ చేయవలసి ఉంటుంది. ఆ లోపల నడిచే ఆదేశాలన్నీ ఏటీ అన్న రెండు అక్షరాలతో మొదలవుతాయి. 1981లో హేస్ కంపెనీ టెలిఫోన్ మోడెమ్ కోసం పెట్టిన భాష అది. నలభై ఏళ్లు దాటినా సిమ్ కార్డు మోడెమ్‌లు నేటికీ ఆ భాషకే పలుకుతున్నాయంటే నాకు ముచ్చటగానే ఉంటుంది.

అన్నీ కుదిరినా నెట్ రాకపోవడానికి ఎక్కువసార్లు కారణమయ్యేది ఏపీఎన్. కంపెనీ నెట్‌వర్క్‌లోకి మన సిమ్ ఏ గుమ్మం గుండా రావాలో చెప్పే పేరు ఇది. ఎయిర్‌టెల్‌కు ఎయిర్‌టెల్‌జీపీఆర్ఎస్.కామ్, బీఎస్ఎన్ఎల్‌కు బీఎస్ఎన్ఎల్‌నెట్, జియోకు జియోనెట్ అని, ఖాళీలు లేకుండా చిన్న ఆంగ్ల అక్షరాలతో రాయాలి. లినక్స్ చూపించే కంపెనీల పట్టికను స్వచ్ఛంద కార్యకర్తలు నిర్వహిస్తారు కనుక, అందులోని పేరు పాతబడి ఉంటే చేత్తో దిద్దుకోవాలి. ఒక్క పదం, డబ్బా అట్ట మీద ఒక్క వరుస. ఆ వరుస లేకపోవడం వల్ల నాకు ఒక మధ్యాహ్నమంతా పోయింది.

లినక్స్ మీద వేసే నిందల్లో దానికి సంబంధం లేనివీ ఉన్నాయి. జియోకు 3జీ సేవ మొదటినుంచీ లేదు. ఎయిర్‌టెల్ 3జీని ఆపివేసింది. బీరువాలో మిగిలిన పాత 3జీ డాంగిల్‌లో జియో సిమ్ వేసి లినక్స్‌ను తిట్టడం వల్ల ప్రయోజనం లేదు. ఆ జంట విండోస్‌లోనూ కలవదు. అలాగే యూఎస్‌బీ 2.0 ద్వారం ఇవ్వగల కరెంటు 500 మిల్లీ ఆంపియర్లు మాత్రమే. సిగ్నల్ బలహీనంగా ఉండే కొండ ప్రాంతంలో డాంగిల్ ఎక్కువ శక్తి లాగుతుంది కనుక, పొడవాటి నాసిరకం ఎక్స్‌టెన్షన్ తీగతో పెడితే కనెక్షన్ మాటిమాటికీ తెగిపోతుంది. మా దగ్గర డాంగిల్‌ను కంప్యూటర్ వెనుక ద్వారంలో నేరుగా గుచ్చాక ఆ బెడద తగ్గింది.

కొత్తగా కొనేవారికి నా సూచన ఒకటే: రూటర్ తరహా డాంగిల్ తీసుకోండి. హువావే హైలింక్ రకం వంటివి తమంతట తామే నెట్‌వర్క్‌కు కలిసి, కంప్యూటర్‌కు మామూలు నెట్‌వర్క్ కార్డుగా కనిపిస్తాయి. డయలింగ్ ఉండదు, బ్రౌజర్‌లో 192.168.8.1 అని కొడితే సెట్టింగుల పేజీ వస్తుంది. సంస్థల కోసం పెద్ద సంఖ్యలో కొనేవారు ఎంబీఐఎం (మొబైల్ మోడెమ్ కంప్యూటర్‌తో మాట్లాడే పద్ధతి) అన్న ప్రమాణాన్ని పాటించే పరికరం అడగవచ్చు. యూఎస్‌బీ ప్రమాణాల సంస్థ 2011లో ఖరారు చేసిన పద్ధతి అది. 2013లో వచ్చిన 3.8 కెర్నల్ నుంచి లినక్స్‌లో దానికి డ్రైవర్ ఉంది.

ప్రభుత్వ వ్యవస్థల్లో లినక్స్ వంటి ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌కు ప్రాధాన్యమివ్వాలని కేంద్రం 2015లోనే విధానం ప్రకటించింది. సాఫ్ట్‌వేర్ వరకూ ఆ మాట చెప్పి, దానికి నెట్ అందించే రెండంగుళాల పరికరాన్ని మరిచిపోతే బడుల్లో, గ్రంథాలయాల్లో ఆ విధానం గడప దాటదు. కొనుగోలు షరతుల్లో లినక్స్‌లో పనిచేసి చూపించాలన్న వాక్యం ఒకటి చేర్చవలసిందిగా రెండు తెలుగు రాష్ట్రాల విద్యాశాఖలను కోరుతున్నాను. అమ్మే కంపెనీలు డబ్బా మీద యూఎస్‌బీ సంఖ్యలు రెండూ, ఏపీఎన్, పరికరం రూటర్ తరహాదా డయలింగ్ తరహాదా అన్న సంగతీ తెలుగులో ముద్రించాలి. ఈలోగా మీ సాంకేతిక పేజీలో డాంగిల్ గుచ్చితే సీడీ బొమ్మ వచ్చినప్పుడు ఏం చేయాలో ఒక చిన్న పెట్టె కట్టి ప్రచురిస్తే, దానిని కత్తిరించి మా గ్రంథాలయం గోడకు అంటిస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
అల్లూరి సీతారామరాజు జిల్లా