పాత స్టీల్ బార్లు కొన్నవాళ్లకు: పొరపాటు నాదే, వెనక్కి తీసుకుంటాను

నమస్కారమండీ. ల్యాప్ స్టీల్ (ఒళ్లో పడుకోబెట్టి వాయించే గిటార్) తీగల మీద జార్చే పాత బార్లు, ‘అసలు పూత’ అని రాసి ఉన్నవి, నా దగ్గర ఈమధ్య తొమ్మిది మంది కొన్నారు. వాటిలో కనీసం నాలుగు అసలు పూతవి కావు, మళ్లీ క్రోమ్ వేయించినవి. అమెరికా నుంచి తెప్పించిన సరుకు మీద ఏం రాసి ఉంటే అదే నేనూ రాశాను. చూసి అమ్మాల్సినవాణ్ని, చూడలేదు.

పోయిన శనివారం ఒక పెద్దాయన నా దగ్గర కొన్న బార్ పట్టుకుని, గిటార్‌తో సహా వచ్చారు. ఏమీ అనకుండా ఒళ్లో పెట్టుకుని, నాలుగో తీగ మీద అయిదో ఫ్రెట్ నుంచి పన్నెండో ఫ్రెట్ దాకా జారు తీశారు. స్వరం వెంటే సన్నటి గరగర. కౌంటర్ మీదున్న కొత్త బార్‌తో అదే జారు మళ్లీ తీశారు. గరగర లేదు.

ఆయన వెళ్లాక ఆ బార్‌ను ట్యూబ్‌లైట్ కింద పట్టుకున్నాను. మంచి బార్‌లో లైటు ప్రతిబింబం గీత గీసినట్టు తిన్నగా పడుతుంది. ఇందులో అలలు అలలుగా వంకరపోయింది. తుప్పు గుంటలు పోవాలని బఫింగ్ చక్రం మీద గట్టిగా అరగదీసి, పైన క్రోమ్ పూసేశారు. అలా అరిగిన బార్ తీగలన్నిటి మీదా సమంగా ఆనదు. మిగిలిన గుంటలేమో చుట్టు తీగకు (పైన సన్నటి తీగ చుట్టిన లావు తీగకు) తగులుకుని రొద చేస్తాయి.

మీ బార్‌నూ అలాగే చూసుకోండి, గోటితో ఒకసారి నిమరండి. అనుమానం ఉంటే పంపేయండి. డబ్బు మొత్తం ఇచ్చేస్తాను, కొరియర్ ఖర్చూ నాదే. మెటల్ పాలిష్‌తో మాత్రం రుద్దకండి. పాత నికెల్ పూత పలచగా ఉంటుంది, రుద్దేకొద్దీ పోతుంది.

పాతదైతే చాలు, మంచిదే అన్నట్టు ఇన్నాళ్లూ మాట్లాడాను. అది తప్పు. ఈ వాయిద్యానికి ఆద్యుడనే పేరున్న హవాయీ కుర్రాడు జోసెఫ్ కెకుకు, 1889 ప్రాంతంలో దువ్వెనతోనూ చాకు వెన్నుతోనూ ప్రయత్నించి, చివరికి స్టీల్ బార్ దగ్గర ఆగాడంటారు. ఆయన వెతికింది నునుపు, బరువు. మనకు కావలసిందీ అవే. చేతిలో ఒదిగే పాత బార్ దొరికితే నాకూ ప్రాణం లేచొస్తుంది, కానీ అది ముందు శుభ్రంగా పలకాలి.

ఇంకా అయిదు బార్లున్నాయి. ఒక్కోదాన్నీ గిటార్ మీద వాయించి చూశాకే ధర పెడతాను.