బుజ్జమ్మకు, డిగ్రీ సంగతి

కావలి,
ఆదివారం రాత్రి

చి. బుజ్జమ్మకు,

మీ నాయన రాసేది. ఇక్కడ మేమంతా బాగున్నాం. మీ అమ్మ బీపీ మాత్ర మర్చిపోకుండా వేసుకుంటోంది, నేను డ్యూటీలో ఉన్నా ఫోన్ చేసి మరీ అడుగుతున్నా.

మధ్యలో ఆపేసిన డిగ్రీ ఉద్యోగం చేసుకుంటూనే పూర్తి చేద్దామని బుధవారం నువ్వు వాట్సాప్‌లో పంపిన ఆ ఆన్‌లైన్ డిగ్రీ ప్రకటన చూశాను. నువ్వు ఫోన్ చేస్తే "తర్వాత మాట్లాడదాంలేమ్మా" అని పెట్టేశాను. నీకు కోపం వచ్చిందని మీ అమ్మ చెప్పింది. డబ్బులు లేక అలా అన్నానని అనుకుంటున్నావంట. దాని వెనకాల ఒక పాత కథ ఉంది తల్లీ. ఫోన్లో చెప్పేది కాదు, అందుకే రాస్తున్నా.

బీరువాలో నీ చిన్నప్పటి ఫొటోల ఆల్బం కింద ఒక ప్లాస్టిక్ కవర్ ఉంటుంది, చూసే ఉంటావు. అందులో నా డిగ్రీ సర్టిఫికెట్ ఉంది. బీఏ, ఫస్ట్ క్లాస్. చుట్టూ బంగారు రంగు అంచు కూడా. నీకెప్పుడూ చెప్పలేదు, ఎందుకంటే అది చెల్లదు.

2008లో సంగతి. నెల్లూరులో ఒక కన్సల్టెన్సీ వాళ్లు కరెంటు స్తంభాలన్నిటికీ బోర్డులు కట్టారు, సింగిల్ సిట్టింగ్‌లో డిగ్రీ అని. డిగ్రీ ఉంటే కండక్టరు పని నుంచి ఆఫీసు పనికి అప్లై చేసుకోవచ్చు, రాత్రిళ్లు బస్సుతోపాటే వేరే ఊళ్లో ఆగిపోయే నైట్ హాల్టులు తప్పుతాయని నా ఆశ. పదహారు వేలు అడిగారు. మీ అమ్మ కమ్మలు కుదువ పెట్టాం. పరీక్ష ఒక కల్యాణ మంటపంలో. ముందురోజు పెళ్లి తాలూకు బంతిపూల దండలు ఇంకా స్తంభాలకే ఉన్నాయి. భోజనాల బల్లల దగ్గర మమ్మల్ని వరసగా కూర్చోబెట్టి గైడ్లు వాళ్లే పంచారు. పొద్దున తొమ్మిదికి మొదలుపెట్టి పొద్దుగూకే లోపల మూడేళ్ల పేపర్లూ రాసేశాం. నా పక్కనాయన ఏ ప్రశ్నకు ఏ పేజీనో తెలియక తడుముకుంటుంటే, సూపర్‌వైజరే వచ్చి పేజీ తీసి చేతిలో పెట్టాడు. అప్పుడైనా అనుమానం రాలేదా అంటే, వచ్చింది. కమ్మలు గుర్తొచ్చి నోరు మూసుకున్నా.

అయిదేళ్ల తర్వాత ఆఫీసులో సర్టిఫికెట్ వెరిఫికేషన్‌కి పంపారు. ఆ యూనివర్సిటీ ఎక్కడో ఉత్తరాదిన ఉంది. తన రాష్ట్రం దాటి వచ్చి ఇక్కడ సెంటర్ పెట్టే అధికారం దానికి లేదంట. మా పెద్దాయన మంచివాడు కాబట్టి, అప్లికేషన్ వెనక్కి తీసేసుకోమని చెవిలో చెప్పాడు. లేకపోతే ఉన్న ఉద్యోగానికే ఎసరు వచ్చేది. పద్దెనిమిదేళ్ల నుంచి టికెట్ చూపించమని అందరినీ అడుగుతున్నా, నా చేతిలో ఉన్నది ఏ బస్సుదో చూసుకోలేదు.

అందుకే నీ ప్రకటనలో నేను ఫీజు చూడలేదు. మార్కులు ఎవరు వేస్తారు, ఆ మార్కులు ఏ డిగ్రీలో కలుస్తాయి, ఈ రెండే వెతికా. రెండూ లేవు. "గుర్తింపు పొందిన యూనివర్సిటీ భాగస్వామ్యంతో" అని ఉంది గానీ ఆ యూనివర్సిటీ పేరు లేదు. మధ్యలో ఉండే కంపెనీలు ఫ్రాంచైజీ పద్ధతిలో డిగ్రీలు నడపడానికి వీల్లేదని యూనివర్సిటీలకు రూల్స్ పెట్టే యూజీసీయే 2022లో హెచ్చరించింది. ఇక నెలనెలా కట్టే ఆ ఈఎంఐ ఉంది చూడు, అది కాలేజీ ఫీజు వాయిదా కాదు. ఏదో ఫైనాన్స్ కంపెనీ నీ పేరు మీద ఇచ్చే అప్పు. నువ్వు మధ్యలో చదువు మానేసినా అప్పు మానదు. జీతంలో హాస్టల్‌కి, మీ అమ్మ మందులకి పోను నీకు మిగిలేదెంతో నాకు తెలుసు.

అయితే వద్దని చెప్పి ఊరుకోవడానికి ఇంత పెద్ద ఉత్తరం రాయను. మొన్న వీక్లీ ఆఫ్ రోజు నీ కాలేజీకి పోయొచ్చా.

దానికి ముందు ఇంకో మాట. ఉదయగిరి సర్వీసులో రోజూ ఎక్కే ఇంజనీరింగ్ పిల్లోడు ఒకడున్నాడు. దుత్తలూరు వచ్చిందాకా చెవిలో పుల్లలు పెట్టుకుని ఫోన్లో పాఠాలు వింటుంటాడు. స్వయం అంట. కేంద్ర ప్రభుత్వం నడిపే ఆన్‌లైన్ కోర్సుల వెబ్‌సైట్, 2017లో మొదలైంది. ఐఐటీ వాళ్ల ఎన్‌పీటెల్ కోర్సులు కూడా అందులోనే ఉంటాయి. పాఠాలు వినడానికి పైసా కట్టక్కర్లేదు. మార్కులు, సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు, వాడు పేపర్‌కి వెయ్యి కట్టాడంట. నాకు నచ్చింది ఏంటంటే, కోర్సు మొదలైన కొన్ని వారాల దాకా పరీక్షకి పేరివ్వచ్చు. అంటే నడక చూసి గేదెను కొనుక్కోవచ్చు.

పోయినసారి వాడు ఒక పేపర్ పోగొట్టుకున్నాడు. ఎలాగంటే, ఎన్‌పీటెల్‌లో వారం వారం ఇచ్చే అసైన్‌మెంట్లకు 25, సెంటర్‌కి పోయి రాసే పరీక్షకు 75. అసైన్‌మెంట్లలో కనీసం 10, పరీక్షలో కనీసం 30, రెండూ రావాలి. మనవాడికి పరీక్షలో బ్రహ్మాండంగా వచ్చాయి గానీ అసైన్‌మెంట్లు తిరునాళ్ల సీజన్లో ఎగ్గొట్టాడు. పన్నెండు వారాల కోర్సులో మంచి ఎనిమిదే లెక్కలోకి తీసుకుంటారు, అయినా పది దాటలేదు. సర్టిఫికెట్ రాలేదు. నీకు షిఫ్టులు మారుతుంటాయి కాబట్టి ఇది గట్టిగా చెబుతున్నా. నైట్ షిఫ్ట్ వారంలో గడువు దాటిపోయిందంటే మళ్లీ తీసుకోరు.

ఇప్పుడు కాలేజీ సంగతి. ఎగ్జామ్ సెక్షన్‌లో ఒకమ్మాయి ఓపిగ్గా చెప్పింది. ఒక సెమిస్టర్‌లో 40 శాతం దాకా స్వయం కోర్సులతో నింపుకోవచ్చని 2021లో యూజీసీ రూల్ పెట్టింది. కానీ ఆ కోర్సు మన యూనివర్సిటీ ఒప్పుకున్నదై ఉండాలి, చేరకముందే కాలేజీలో రాయించుకోవాలి. చదివేసి సర్టిఫికెట్ పట్టుకెళ్లి కలపండి అంటే కలపరు. పైగా అది కాలేజీలో పేరున్న వాళ్లకే. నువ్వు రీ-అడ్మిషన్ తీసుకుంటే మిగతా 60 శాతానికి క్లాసులకు రావాలి, అటెండెన్స్ కావాలి. ఉద్యోగం మానితేనే అది కుదిరేది. మానమని నేనడగను, నువ్వూ మానవు.

కాబట్టి నాకు ఇగ్నో వైపే మనసు పోతోంది, అది కేంద్ర ప్రభుత్వ దూరవిద్య యూనివర్సిటీ. ఏడాది ఫీజు వేలల్లోనే ఉంటుంది, లక్షలు కాదు. మూడేళ్ల డిగ్రీకి ఆరేళ్ల దాకా టైమ్ ఇస్తారు. అసైన్‌మెంట్లకు 30 శాతం, జూన్‌లోనో డిసెంబర్‌లోనో రాసే పరీక్షకు 70 శాతం. ఆ డిగ్రీ కాలేజీ డిగ్రీతో సమానమేనని యూజీసీ చెప్పింది. పాఠాలు తెలుగులో కావాలంటే మన రాష్ట్రం యూనివర్సిటీల దూరవిద్య చూడాలి. ఏది చూసినా, యూజీసీలో దూరవిద్యకు వేరే విభాగం ఉంది, డీఈబీ అంటారు. వాళ్ల వెబ్‌సైట్‌లో ఏ యూనివర్సిటీకి, ఏ కోర్సుకి, ఏ సంవత్సరానికి పర్మిషన్ ఉందో పట్టిక ఉంటుంది. ఈ ఏడాది పట్టికలో పేరు కనపడితేనే రూపాయి కట్టు. పోయినేడు ఉన్నది ఈ ఏడు లేకపోవచ్చు. అప్పట్లో ఇలా చూసుకోవాలని నాకు తెలియదు, తెలిసుంటే ఆ కమ్మలు మీ అమ్మ చెవులకే ఉండేవి.

నువ్వు పాసైన నాలుగు సెమిస్టర్ల గురించి కదా నీ అసలు దిగులు. మళ్లీ మొదటి నుంచా అని. దానికి ఏబీసీ (అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్) అని ఒకటుంది, పాసైన పేపర్లకు వచ్చే క్రెడిట్లు, అంటే పాయింట్లు, బ్యాంకులో డబ్బుల్లా దాచేది. సర్టిఫికెట్లు దాచుకునే ప్రభుత్వ యాప్ డిజీలాకర్‌లోంచి తెరుచుకోవచ్చు, పన్నెండు అంకెల నంబర్ ఇస్తారు. క్రెడిట్లు గరిష్ఠంగా ఏడేళ్లు నిలుస్తాయంట. నువ్వు మానేసింది 2022లో, అంటే ముందు సెమిస్టర్లలో పాసైన పేపర్లకు ఆ గడువు 2029 కంటే ముందే అయిపోవచ్చు, ఆలస్యం చేయకు. అందులో నీ మార్కులు కాలేజీ వాళ్లు ఎక్కించారో లేదో ముందు చూడు. ఎక్కించకపోతే నాకు చెప్పు, నేను వెళ్లి కూర్చుంటా. వాటిలో ఎన్నింటిని ఒప్పుకుంటారో ఇగ్నో వాళ్లను అడ్మిషన్‌కి ముందే రాతపూర్వకంగా అడగాలి. నోటిమాట నమ్మకు. దూరవిద్యలో చేరాలంటే 2024 నుంచి డీఈబీ ఐడీ కూడా కావాలి, దానికీ ఈ ఏబీసీ నంబరే అడుగుతారు.

ఇక్కడ ఒక చిక్కు వచ్చి పడింది. నీ టెన్త్ మెమోలో మన ఇంటిపేరు పూర్తిగా ఉంది. ఆధార్‌లో ఒక్క అక్షరం, చుక్క. అది కూడా నీ పేరు తర్వాత తగిలించారు. ఆ రోజు ఆధార్ క్యాంపుకి నిన్ను తీసుకుపోయింది నేనే, తప్పు నాదే. రెండు పేర్లు కలవకపోతే కాలేజీ వాళ్లు ఎక్కించిన క్రెడిట్లు నీ ఖాతాలో కనపడవని ఎగ్జామ్ సెక్షన్ అమ్మాయి చెప్పింది. ముందు ఆధార్ సరిచేయించుకో, మెమోలో ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే. దానికి నువ్వే రావాలి, వేలిముద్ర కావాలి. ఎక్స్‌ప్రెస్‌లో నీకెలాగూ జీరో టికెట్టే కదా, ఒక శనివారం లీవు పెట్టి వచ్చేయ్. ఆధార్ సెంటర్‌లో టోకెన్ నేను పొద్దున్నే పోయి తీసిపెడతా.

ఈలోగా స్వయంలో అకౌంట్స్‌దో మేనేజ్‌మెంట్‌దో ఒక కోర్సు చేరు. ఒక్కటే. బెంగళూరు ఐఐఎం వాళ్లవి కూడా అందులో ఉన్నాయంట. ఫీజు కట్టొద్దు, వారం వారం అసైన్‌మెంట్ రాయగలుగుతున్నావా లేదా చూసుకో. నాలుగేళ్లు పుస్తకం ముట్టని చెయ్యి, పన్నెండు గంటలు నిలబడి వచ్చిన కాళ్లు. నీకు చదువు రాదని కాదు, ఏ టైమ్‌కి చదవగలవో నీకే తెలియాలి. హాస్టల్‌లో నెట్ సరిగ్గా రాకపోతే నెలకి ఒక రీచార్జి నేను వేయిస్తా. అదొక్కటి వద్దనకు.

వచ్చేటప్పుడు స్టీలు టిఫిన్ డబ్బా తీసుకురా, మీ అమ్మ మూడుసార్లు అడిగింది. నల్లకారం, చింతకాయ పచ్చడి కట్టి ఉంచింది.

మీ నాయన

తా.క.: సర్టిఫికెట్ సంగతి మీ అన్నకి ఇప్పుడే చెప్పొద్దు. వాడు టెన్త్ ఫెయిలైనప్పుడు నేను వాణ్ణి ఏమన్నానో నీకు గుర్తుండే ఉంటుంది.