‘ఆఫీసుకు 15 నిమిషాలు’ సరే, ఏ గంటకు?

సంపాదకుడు గారికి నమస్కారం.

ఆదివారం పత్రికల స్థిరాస్తి పేజీలు తిప్పితే ‘ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌కు 15 నిమిషాలు’, ‘హైటెక్ సిటీకి 20 నిమిషాలు’ అనే ఫ్లాట్ల ప్రకటనలు వరసగా కనిపిస్తాయి. హైదరాబాద్‌లో కొల్లూరు, తెల్లాపూర్, బాచుపల్లి, పటాన్‌చెరు వైపు ఇల్లు వెతికే ఉద్యోగులు ధర చూశాక చూసేది ఆ అంకెనే. 20 ఏళ్ల అప్పుకు సంతకం పెట్టించే అంకె అది. కానీ అది ఎక్కడి నుంచి ఎక్కడికో, ఏ గంటకో, కారులోనో బండి మీదో బస్సులోనో ఎక్కడా రాయరు. స్థిరాస్తి ప్రాజెక్టులను నియంత్రించే తెలంగాణ రెరా ఈ ఒక్క లోపాన్ని సరిచేయాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

2016 నాటి రెరా చట్టం 12వ సెక్షన్ కొనేవాళ్లకు మంచి రక్షణే ఇచ్చింది. ప్రకటనలోనో బ్రోచర్‌లోనో ఉన్న తప్పుడు మాట నమ్మి డబ్బు కట్టి నష్టపోతే బిల్డరు పరిహారం ఇవ్వాలి. కొన్నవాళ్లు వద్దనుకుని తప్పుకుంటే కట్టిన సొమ్మంతా వడ్డీతో తిరిగి ఇవ్వాలి. నిమిషాల దగ్గరికి వచ్చేసరికి ఈ సెక్షన్ చేతికి అందదు. ‘15 నిమిషాలు’ అబద్ధమని ఎలా రుజువు చేస్తాం? తెల్లవారుజామున మూడింటికి ఖాళీ రోడ్డు మీద అది నిజమే కావచ్చు. అదే ‘ప్రాజెక్టు గేటు నుంచి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లోని విప్రో జంక్షన్‌కు ఇన్ని కిలోమీటర్లు, పనిరోజు ఉదయం 9 గంటలకు కారులో ఇన్ని నిమిషాలు’ అని రాయాల్సి వస్తే ఎవరైనా వెళ్లి కొలవొచ్చు, తేడా వస్తే ఫిర్యాదు చేయొచ్చు. ప్రకటనలో రిజిస్ట్రేషన్ నంబరు, రెరా వెబ్‌సైటు స్పష్టంగా వేయాలని 11వ సెక్షన్‌లో ఉంది. బిల్డర్లకు ఆదేశాలిచ్చే అధికారం 37వ సెక్షన్ కింద రెరాకు ఉంది. నిమిషాలు వేసేవాళ్లు గంట, దారి, దూరం, వాహనం కూడా వేయాలని ఒక ఆదేశం ఇస్తే చాలు. అలా వేయడం ఇష్టం లేనివాళ్లు కిలోమీటర్లు మాత్రమే వేసుకోవచ్చు.

ఆ ఆదేశం వచ్చేదాకా కొనేవాళ్లే కొలుచుకోవాలి. సైటు చూపించడానికి కారు పంపేది ఎక్కువగా ఆదివారమే కాబట్టి ఆ రోజు పట్టిన సమయం లెక్కలోకి రాదు. మంగళ, బుధ, గురువారాల్లో ఒక రోజు ఉదయం 8:45కు ప్రాజెక్టు గేటు దగ్గర బయలుదేరి ఆఫీసు పార్కింగు దాకా వెళ్లాలి. అదే రోజు సాయంత్రం 6:30కు తిరుగు ప్రయాణం కొలవాలి. వారంలో కొన్ని రోజులే ఆఫీసుకు రమ్మనే సంస్థల్లో ఎక్కువమంది వచ్చేది ఈ మూడు రోజుల్లోనే. బడులకు సెలవులున్న వారం పనికిరాదు. గూగుల్ మ్యాప్స్‌లో బయలుదేరే సమయం మార్చి చూస్తే ‘35 నుంచి 70 నిమిషాలు’ లాంటి జవాబు వస్తుంది. అందులో పెద్ద అంకెనే పట్టుకోవాలి, రోజూ ఇంట్లోంచి బయటపడాల్సింది దాన్ని బట్టే. వీలైతే రెండోసారి వానలో కొలవాలి. లింగంపల్లి రైల్వే అండర్‌బ్రిడ్జి కింద నీళ్లు నిలిచాయంటే ఆ పూట దారే మారిపోతుంది.

గేటు లోపలి సమయాన్ని చాలామంది మరిచిపోతారు. 1,500 ఫ్లాట్లున్న ప్రాజెక్టులో సగం ఇళ్ల నుంచి ఒక్కో కారు ఉదయం ఒకే గంటలో బయటికి వస్తుందనుకుందాం. అంటే 750 కార్లు, దాదాపు ఐదు సెకన్లకు ఒకటి. గేటు ఒక్కటే ఉండి, అది 40 అడుగుల రోడ్డు మీదికి తెరుచుకుంటే సెల్లారులోనే క్యూ మొదలవుతుంది. బ్రోచర్ మ్యాపులో ఉన్న రోడ్డూ, మాస్టర్ ప్లాన్‌లో గీత మాత్రమే ఉన్న రోడ్డూ ఒకే మందంతో కనిపిస్తాయి. ‘100 అడుగుల రోడ్డు’ అంటే ఆ చివరి నుంచి ఈ చివరిదాకా బండి మీద వెళ్లి చూడాల్సిందే. మధ్యలో ఒక్క స్థలం సేకరణ ఆగినా ఆ రోడ్డు లేనట్టే.

‘ఔటర్ మీద 20 నిమిషాలు’ అన్నది మరో మాట. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు ప్రధాన దారి మీదికి ద్విచక్ర వాహనాలను, ఆటోలను రానివ్వరు. బండి మీద ఆఫీసుకు వెళ్లేవాళ్లకు మిగిలేది సర్వీసు రోడ్డే, దాని సమయం వేరు. కారున్నవాళ్లు టోల్ కూడా నెల ఖర్చులో వేసుకోవాలి, ర్యాంపు దిగాక మొదటి సిగ్నల్ దాటడానికి పట్టే సమయాన్నీ కొలవాలి.

మెట్రో విషయంలో పొరపాటు ఇంకా పెద్దది. రాయదుర్గం స్టేషన్ 2019 నవంబరులో మొదలైంది, కానీ ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ ఆఫీసులు అక్కడి నుంచి ఇంకా ఐదారు కిలోమీటర్లు. మియాపూర్‌లో ఎక్కినవాళ్లు రాయదుర్గం చేరాలంటే అమీర్‌పేటలో రైలు మారి, మళ్లీ పడమటికే తిరిగి రావాలి. హైటెక్ సిటీ పేరుతో మెట్రోకు ఒక స్టేషన్, ఎంఎంటీఎస్ లోకల్ రైళ్లకు మరో స్టేషన్ ఉన్నాయి, రెండూ ఒక చోట లేవు. రాని మెట్రోకు ధర కట్టడం అన్నిటికన్నా ప్రమాదం. రాయదుర్గం నుంచి శంషాబాద్ విమానాశ్రయానికి లైను వేస్తామని 2022 డిసెంబరులో శంకుస్థాపన చేశారు, ప్రభుత్వం మారాక ఆ మార్గాన్ని పక్కన పెట్టారు. మియాపూర్–పటాన్‌చెరు, రాయదుర్గం–కోకాపేట లైన్లున్న రెండో దశను రాష్ట్ర ప్రభుత్వం 2024లో ఆమోదించి కేంద్రానికి పంపింది. స్తంభాలు లేచేదాకా ఆ లైన్లను కొనే ధరలో కలపకూడదు.

దగ్గర ఇల్లు ఖరీదు ఎక్కువ కదా అంటే, లెక్క వేసి చూద్దాం. 8.5 శాతం వడ్డీకి 20 ఏళ్ల అప్పు మీద అదనంగా 10 లక్షలు తీసుకుంటే ఈఎంఐ నెలకు సుమారు 8,700 రూపాయలు పెరుగుతుంది. ఆఫీసు 15 కిలోమీటర్లు దూరమైతే 22 పనిరోజుల్లో 660 కిలోమీటర్లు. ట్రాఫిక్‌లో లీటరుకు 13 కిలోమీటర్లు ఇచ్చే కారుకు, లీటరు 107 రూపాయలనుకుంటే పెట్రోలే 5,400 దాటుతుంది. టైర్లు, సర్వీసింగు వేరు. ఒక్కోవైపు 40 నిమిషాలు ఎక్కువైతే నెలకు 29 గంటలు పోతాయి. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్తులైతే లెక్క రెండుసార్లు వేయాలి.

అలాగని ఇప్పుడున్న ఆఫీసు గోడ పక్కనే కొనమనీ చెప్పను. అప్పు 20 ఏళ్లు ఉంటుంది, ఉద్యోగం అన్నేళ్లు ఒకే చోట ఉండదు. రేపు పని నగరానికి అవతలి వైపున్న పోచారానికో ఆదిబట్లకో మారొచ్చు. ఒక ఆఫీసుకు దగ్గర కావడం కన్నా, ఇప్పటికే నడుస్తున్న మెట్రో స్టేషనుకు నిజంగా నడిచి వెళ్లగలిగే దూరంలో ఉండటం మేలని నా అభిప్రాయం. తేల్చుకోలేకపోతే అదే పేటలో 11 నెలల అగ్రిమెంటు మీద అద్దెకుండి చూడటం మంచిది.

ఏజెంటు నోటితో చెప్పిన నిమిషాలను వాట్సాప్‌లోనైనా రాయించుకోవాలి. పత్రికలో వచ్చిన ప్రకటనను తేదీ కనిపించేలా కత్తిరించి బ్రోచర్‌తో కలిపి దాచాలి, 12వ సెక్షన్ కింద వెళ్తే ఆధారం అదే. రెరా నంబరు లేకుండా ‘ప్రీ లాంచ్’ అంటూ పెద్ద ప్రాజెక్టులు అమ్మడమే చట్టవిరుద్ధం. రిజిస్టరు చేసిన అగ్రిమెంటు లేకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు.

మీ పత్రికకూ ఒక విన్నపం. గంట, దూరం లేని నిమిషాల ప్రకటనలను తీసుకోకండి. మీ స్థిరాస్తి పేజీలో మూడు నెలలకోసారి ఉదయం 9, సాయంత్రం 6:30 ప్రయాణ సమయాలను మీ విలేకరులతో కొలిపించి ప్రచురించండి. కొల్లూరు–విప్రో జంక్షన్, బాచుపల్లి–రాయదుర్గం, ఉప్పల్–హైటెక్ సిటీ దారులతో మొదలుపెట్టవచ్చు.

ఇట్లు,
ఒక పాఠకుడు, చందానగర్, హైదరాబాద్