ఏడవని బిడ్డను ఇంటికి పంపి మరిచిపోతున్నారు
కాన్పు సమయంలో మెదడుకు ప్రాణవాయువు అందని శిశువులను ఆసుపత్రి గడప దాటాక పట్టించుకునే వ్యవస్థ చిత్తూరు జిల్లాలో సరిగా పనిచేయడం లేదు. మా పక్కింటి బాబూ అలాంటివాడే, పుట్టగానే ఏడవలేదు. డిశ్చార్జి కాగితంలో ఆ సంగతి ఒక్క ముక్క రాశారు, మళ్లీ ఎప్పుడు చూపించాలో రాయలేదు. ఎనిమిది నెలలైనా మెడ నిలవకపోతే ‘కొందరు ఆలస్యంలే’ అన్నారు పెద్దలు, నేను కూడా. మస్తిష్క పక్షవాతమని (మెదడు దెబ్బతిని కాళ్లూచేతుల కదలిక సరిగా లేకపోవడం, సెరిబ్రల్ పాల్సీ) తేలేసరికి రెండో ఏడు నడుస్తోంది. మూర్ఛలు, చూపు, వినికిడి లోపాలు, చదువులో వెనుకబాటు ఇంకా ఆలస్యంగా బయటపడవచ్చు. ఫిజియోథెరపీ (వ్యాయామ చికిత్స) కోసం కుప్పం తల్లి బిడ్డను చంకనెత్తుకుని వంద కిలోమీటర్లకు పైగా తిరుపతికి ఎన్ని వారాలు తిరగగలదు? ఇలాంటి ప్రతి బిడ్డ వివరం ఆసుపత్రి నుంచే ఆశా కార్యకర్తకు చేరాలి. రెండేళ్ల వరకు మూడు నెలలకోసారి ఎదుగుదల పరీక్షించాలి. కుప్పం, పలమనేరు ప్రభుత్వ ఆసుపత్రుల్లో పసిపిల్లల ఫిజియోథెరపీకి వారంలో ఒక రోజు కేటాయించాలి.
— ఒక పాఠకురాలు, చిత్తూరు