‘15 డిగ్రీలు’ అని ఒక్క మాట చెప్పి ఉంటే

విశాఖపట్నం,
మే 4

గౌరవనీయులైన కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: అమెరికాలోని కాటలినా దీవి దగ్గర స్కూబా డైవింగ్ గురించి తప్పుడు సమాచారం ఇవ్వడం, మా కొలతల ఫారం పంపకపోవడంపై ఫిర్యాదు.

అయ్యా,

ఏప్రిల్ రెండో వారంలో నేను, మా అమ్మాయి మీ ట్రావెల్ సంస్థ ద్వారా లాస్ ఏంజెలిస్ నుంచి నాలుగు రాత్రుల క్రూజ్‌కి వెళ్ళాం. ఓడలో గది, భోజనం, వీసా పనుల్లో మీవాళ్ళు చేసిన సాయం, వీటి గురించి నాకు ఏ ఫిర్యాదూ లేదు. నా బాధంతా కాటలినా దీవి దగ్గర మేం నీళ్ళలో ఉన్న 12 నిమిషాల గురించే. ఆ డైవ్‌కి ఇద్దరికీ కలిపి 31,400 రూపాయలు విడిగా తీసుకున్నారు. ఫోన్లో రెండుసార్లు చెప్పాను. మీ ద్వారకానగర్ ఆఫీసుకి కూడా వచ్చాను. కౌంటర్లో ఉన్న అబ్బాయి నవ్వేసి, "నిండా మునిగిన వాడికి చలేముంది మేడమ్" అన్నాడు. ఆ రోజు అక్కడ ఏమీ అనలేక ఇంటికొచ్చేశాను. అందుకే ఇప్పుడు వివరంగా రాస్తున్నాను.

సముద్రం మాకు కొత్త కాదు. రుషికొండలో చాలాసార్లు దిగాం, అండమాన్‌లో కోర్సు చేసి 18 మీటర్ల వరకు దిగే సర్టిఫికెట్ తీసుకున్నాం. కానీ మేం దిగినవన్నీ వెచ్చటి నీళ్ళు. మన దగ్గర ఏప్రిల్‌లో సముద్రం సుమారు 28 డిగ్రీలు ఉంటుంది, పల్చటి డైవింగ్ సూట్ చాలు. కాటలినాలో మేం దిగిన రోజు డైవింగ్ వాళ్ళ బోర్డు మీద సుద్దతో 59 అని రాసి ఉంది. అది ఫారెన్‌హీట్. మన లెక్కలో 15 డిగ్రీలు. ఉత్తరం నుంచి ఆ తీరం వెంబడి చల్లటి ప్రవాహం దిగుతుంది. పైగా వసంతంలో వీచే వాయవ్య గాలులకి పైనీళ్ళు పక్కకి జరిగి అడుగునున్న చన్నీళ్ళు పైకి వస్తాయి. ఒడ్డున ఎండ చక్కగా కాస్తూనే ఉంటుంది, నీళ్ళు మాత్రం అలా ఉంటాయి. అక్కడ అడుగుపెట్టిన ఎవరికైనా తెలిసే విషయమే ఇది.

మరి మీరు మాకు పంపిందేమిటి? నీలి నీళ్ళు, పగడపు దిబ్బలు, ఈత బట్టల్లో నవ్వుతున్న జంట ఉన్న ఫోటో. కాటలినా దగ్గర పగడపు దిబ్బలే లేవు. పసిఫిక్ అంటే ఒకటే సముద్రం కావచ్చు, హవాయిలో ఉన్న నీళ్ళు కాలిఫోర్నియాలో ఉండవు. చలి గురించి నేను వాట్సాప్‌లో అడిగితే మీ ప్రతినిధి, "నీళ్ళు వెచ్చగానే ఉంటాయి మేడమ్, సామానంతా అక్కడే ఇస్తారు, టెన్షన్ పడకండి" అని రాశారు. ఆ మెసేజ్ కాపీ జతచేశాను.

అసలు తప్పు ఇంకోటి ఉంది. ఎత్తు, బరువు, పాదం కొలత, ఇంతకుముందు చన్నీళ్ళలో దిగారా లేదా అని అడిగే ఫారం ఒకటి బుక్ చేసిన సంస్థకి, అంటే మీకు, మూడు వారాల ముందే పంపుతామని అక్కడి డైవింగ్ వాళ్ళు చెప్పారు. మాది తిరిగి రాలేదట. వాళ్ళ కాగితంలో మా ఇద్దరి పేర్ల ఎదురుగా ‘మామూలు సైజు’ అని మాత్రం ఉంది. ఆ ఫారం నా కంటపడనే లేదు. ముందే కొలతలు పంపినవాళ్ళకి 7 మిల్లీమీటర్ల మందం సూట్లు, తల కప్పే టోపీలు వెళ్ళిపోయాయి. మాకు మిగిలినవి 3 మిల్లీమీటర్లవి. మానేస్తే డబ్బు సంగతి బుక్ చేసినవాళ్ళనే అడగాలన్నారు. దిగకుండా ఉండాల్సిందని ఇప్పుడు అనిపిస్తుంది. కానీ అంత దూరం వెళ్ళాక, అమ్మాయి ఏడాదిగా ఎదురుచూసిన రోజది.

కాసినో పాయింట్ దగ్గర మెట్ల మీదుగా నీళ్ళలోకి దిగాలి. (కాసినో అంటే జూదశాల కాదు, 1929లో కట్టిన గుండ్రటి భవనం, కింద సినిమా హాలు, పైన డాన్స్ హాలు.) నడుం లోతుకి వెళ్ళేసరికి ఊపిరి బిగుసుకుపోయింది. వెట్‌సూట్ నీళ్ళని పూర్తిగా ఆపదు. లోపలికి చేరిన పల్చటి నీటి పొర ఒంటి వేడికి వెచ్చబడి కదలకుండా ఉంటేనే కాపాడుతుంది. అందుకే అది ఒంటికి అతుక్కుని ఉండాలి. మా అమ్మాయి సూట్ మెడ దగ్గర రెండు వేళ్ళు దూరేంత వదులు. కదిలినప్పుడల్లా కొత్త చన్నీళ్ళు వెన్ను మీదుగా జారాయి. నీళ్ళు గాలికన్నా సుమారు 25 రెట్లు వేగంగా ఒంటి వేడిని లాగేస్తాయని కోర్సులో చదివాం. అదేమిటో ఆ రోజు తెలిసింది.

తొమ్మిది మీటర్ల లోతులో కెల్ప్ అనే పెద్ద సముద్రపు నాచు అడవి. తాళ్ళలాంటి కాడలు నేల నుంచి నీటి పైవరకు లేచి, ఆకులు పందిరిలా పరుచుకున్నాయి. ఆ సందుల్లోంచి ఎండ నిలువుగా దిగుతోంది. కనకాంబరం రంగు గారిబాల్డి చేప ఒకటి మా ముఖాల దగ్గరికే వచ్చి ఆగింది. అంత అందమైన చోటు నేను చూడలేదు. కానీ మా అమ్మాయి ఆ చేపని చూడట్లేదు, తన వేళ్ళని చూసుకుంటోంది. తేలడానికి వేసుకునే జాకెట్‌లోకి గాలి నింపే బటన్ వేళ్ళకి లొంగక అరచేత్తో గుద్దుతోంది. గైడ్ అది గమనించి వెంటనే బొటనవేలు పైకి చూపించాడు. డైవింగ్‌లో దానికి ‘బాగుంది’ అని అర్థం కాదు, ‘పైకి పోదాం’ అని. ఆయనకి చేతులెత్తి దండం పెట్టాలి.

ఒడ్డుకి వచ్చాక అమ్మాయి పెదవులు నల్లబడ్డాయి, బకిల్ కూడా తీసుకోలేకపోయింది. పక్కనున్న డైవర్ ఒకావిడ ఫ్లాస్కులో గోరువెచ్చటి నీళ్ళు సూట్ మెడలోంచి పోసింది. అక్కడివాళ్ళు అందుకోసమే వేడినీళ్ళు తెచ్చుకుంటారట. మాకు ఎవరు చెప్పారు గనక?

‘నీటి ఉష్ణోగ్రత ప్రకృతి చేతిలో ఉంటుంది, షరతుల ప్రకారం మాకు బాధ్యత లేదు’ అని మీ ఈమెయిల్. నీళ్ళని వెచ్చబెట్టమని నేను అడగలేదు. అవి ఎంత చల్లగా ఉంటాయో చెప్పడం, ఫారం పంపడం మీ చేతిలో పని. ముందే తెలిస్తే రుషికొండలోనే మందం సూట్‌తో ఒకటి రెండుసార్లు దిగి చూసుకునేవాళ్ళం. మందం పెరిగితే సూట్ ఎక్కువ తేలుతుంది, నడుముకి సీసం బరువులు పెంచాలి, నీళ్ళలో కదలిక మారుతుంది. చన్నీళ్ళలో మొదటిసారి నేర్చుకునే పని కాదది.

కాబట్టి డైవ్ సొమ్ము 31,400 రూపాయలు పూర్తిగా వాపసు ఇవ్వండి. ఆ ఫోటో తీసేసి, నెలవారీ నీటి ఉష్ణోగ్రత, కావలసిన సూట్ మందం తెలుగులో రాయండి. ఫారం ఎవరి దగ్గర ఆగిపోయిందో నాకు రాతపూర్వకంగా చెప్పండి. పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే 1915 నంబరు వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేసి, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద ఇక్కడి జిల్లా కమిషన్‌కి వెళ్తాను.

మరొక్కటి, ఇది పదిహేను రోజులు ఆగే పని కాదు. ఇదే ప్యాకేజీలో గాజువాక నుంచి ఒక కుటుంబం మే 20న బయల్దేరుతోందని మీ కౌంటర్ దగ్గర విన్నాను. వాళ్ళ అబ్బాయికి పదిహేనేళ్ళు. ఈ లేఖ అందిన రోజే వాళ్ళకి ఫోన్ చేసి, కొలతలు తీసుకుని ఫారం పంపండి.

ఇట్లు,
(సంతకం)
ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

జతచేసినవి: డైవ్ రసీదు, వాట్సాప్ మెసేజ్ కాపీ, మీ ఈమెయిల్ కాపీ.