సీసా మీది మాటను నమ్మి, ఆమె మాటను అనుమానిస్తారా?

సంపాదకులకు,

మహిళల పేజీలో వచ్చే ఆరోగ్య కథనాల గురించి ఈ ఉత్తరం. రాజకీయ వార్త అయితే ఎవరన్నారు, ఎప్పుడన్నారు, ఆధారమేంటి అని నాలుగుసార్లు ఆరా తీస్తారు. అదే ఆడవాళ్ల ఒంటికి సంబంధించిన సంగతైతే ‘పరిశోధనలో తేలింది’ అన్న రెండు ముక్కలతో సరిపెట్టేస్తున్నారు. ఏ పరిశోధన, ఎంతమంది మీద, దేనితో పోల్చి అని అడిగేవాళ్లుండరు. అందం చిట్కాల పక్కన పడేసరికి సైన్సు కూడా చిట్కా అయిపోతోంది.

‘ముప్పు రెట్టింపు’ అన్న శీర్షికనే తీసుకోండి. కొత్త తరం గర్భనిరోధక మాత్రలతో రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టే ముప్పు పాత మాత్రల కంటే రెట్టింపని 1995 అక్టోబరులో బ్రిటన్ మందుల భద్రతా కమిటీ హెచ్చరించింది. మాట నిజమే. కానీ అంకెలు చూడండి. పాత మాత్రలు వాడే లక్షమందిలో ఏడాదికి 15 మందికి గడ్డ కడితే, కొత్తవాటితో 30 మందికి. అంటే లక్షకు పదిహేనుమంది ఎక్కువ. అప్పటి లెక్కల్లోనే గర్భవతుల్లో ఈ ముప్పు లక్షకు 60. జనం చెవిన పడింది మాత్రం ‘రెట్టింపు’ ఒక్కటే. ఎంతోమంది బెదిరిపోయి మాత్రలు ఆపేశారు. మరుసటి ఏడాది ఇంగ్లండ్, వేల్స్‌లలో దాదాపు 13 వేల అబార్షన్లు అదనంగా జరిగాయని అంచనా. గడ్డ కడుతుందని భయపడి మాత్ర మానేస్తే, అంతకు రెట్టింపు ముప్పున్న గర్భం వచ్చిపడింది. లక్షకు ఎందరు అన్న ఒక్క అంకె శీర్షిక పక్కన ఉండుంటే ఇంత గాభరా ఉండేది కాదు.

ఇక ఆడవాళ్ల మర్మాంగాలు కడుక్కోవడానికని అమ్మే ‘ఇంటిమేట్ వాష్’ సీసాలు. వీటి ప్రకటనలన్నీ ఆడవాళ్ల శరీరం మురికిదన్న పాత నమ్మకం మీదే నిలబడ్డాయి. అసలు జరిగేది వేరు. యోని లోపలి పొరలో గ్లైకోజెన్ రూపంలో నిల్వ ఉండే చక్కెర ఆధారంగా లాక్టోబాసిల్లస్ బ్యాక్టీరియా లాక్టిక్ ఆమ్లం తయారుచేస్తుంది. నెలసరి వచ్చే వయసులో అక్కడి ఆమ్లత్వపు కొలత అయిన పీహెచ్‌ను 3.8 నుంచి 4.5 మధ్య ఉంచేది ఆ ఆమ్లమే. వేరే క్రిములను పెరగనివ్వని కాపలా అది. మామూలు సబ్బు పీహెచ్ 9, 10 ఉంటుంది. ఈ కొలతలో ఒక అంకె పెరిగితే ఆమ్లత్వం పదో వంతుకు పడిపోతుంది. 4 నుంచి 9కి వెళ్తే లక్షో వంతుకు. సీసా మీద ‘పీహెచ్ 5.5’ అని గొప్పగా వేస్తారు. అది పైచర్మానికి దగ్గరి లెక్క, యోనిది కాదు. పైగా లోపలి పీహెచ్ 4.5 దాటడం, మంచి బ్యాక్టీరియా తగ్గి వేరేవి పెరిగిపోయే బ్యాక్టీరియల్ వజైనోసిస్‌కు డాక్టర్లు చూసే గుర్తుల్లో ఒకటి. లోపలికి నీళ్లో మందో చిమ్మి కడిగేవాళ్లలో ఈ సమస్యా, గర్భాశయానికి, అండనాళాలకు పాకే ఇన్ఫెక్షనూ ఎక్కువగా కనిపిస్తాయి. కడిగిన కొద్దీ మంచి బ్యాక్టీరియా పోతుంది, వాసన మొదలవుతుంది, ఆ వాసన పోగొట్టుకోవడానికి మళ్లీ అదే సీసా పట్టుకుంటారు.

లోపల దేనితోనూ కడగక్కర్లేదు. బయటి భాగానికి మామూలు నీళ్లు చాలు. సబ్బు కావాలంటే వాసన లేనిది, గాఢత తక్కువది, బయటివరకే. నెల మధ్యలో తెల్లబట్ట పల్చగా, సాగేలా ఉండటం అండం విడుదలయ్యే సమయానికి సూచన, జబ్బు కాదు. దురద, మంట, చేపల వాసన, ఆకుపచ్చ రంగు, పొత్తికడుపు నొప్పి, జ్వరం ఉంటే మాత్రం డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. ‘చర్మవైద్యులు పరీక్షించినది’ అన్న ముద్రకు విలువ ఇవ్వకండి. పరీక్షించారు సరే, ఏం తేలిందో అందులో ఉండదు.

నెలసరి నొప్పికి అమ్మే టీలు, పొడుల సంగతీ ఇంతే. మామూలు నెలసరి నొప్పి రెండు మూడు రోజుల్లో దానంతటదే తగ్గుతుంది. రెండోరోజు ఏది తాగినా మూడోరోజు పనిచేసినట్టే ఉంటుంది. తేల్చుకోవాలంటే ఒక నోటుపుస్తకం చాలు. రోజూ నొప్పికి సున్నా నుంచి పది దాకా ఒక అంకె, ఏ గంటకు ఏం వేసుకున్నారు, ఆ రోజు పని మానాల్సి వచ్చిందా అన్నవి కనీసం నాలుగు నెలసరులు రాసి, ఒక నెల ఆ పొడి వాడి, ఒక నెల మాని పోల్చుకోవాలి. ఇబుప్రొఫెన్ లాంటి మాత్రలకైతే ఆధారం గట్టిదే. గర్భాశయాన్ని బిగుసుకునేలా చేసే ప్రోస్టాగ్లాండిన్ల తయారీని అవి అడ్డుకుంటాయి. అందుకే నొప్పి ముదిరాక కంటే మొదలవుతుండగానే వేసుకుంటే బాగా పనిచేస్తాయి. కడుపులో పుండు, కిడ్నీ జబ్బు, ఆస్తమా ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడగకుండా వాడకూడదు.

ఆ పుస్తకానికి ఇంకో పని కూడా ఉంది. నెలసరి వయసు స్త్రీలలో సుమారు పదిశాతం మందికి ఎండోమెట్రియోసిస్ (గర్భాశయం లోపలి పొరలాంటిది గర్భాశయం బయట పెరిగే జబ్బు) ఉంటుందని, అది బయటపడటానికి 4 నుంచి 12 ఏళ్లు పడుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆలస్యానికి ఒక పెద్ద కారణం ‘ఆ నొప్పి మామూలే, ఓర్చుకో’ అన్న మాట. సీసా మీది మాటను ప్రశ్నించనివాళ్లు ఆమె నొప్పిని మాత్రం ప్రశ్నిస్తున్నారు. నాలుగు నెలల అంకెలు డాక్టర్ ముందు పెడితే ఆ మాట అనడం అంత తేలిక కాదు.

మందుల పరీక్షల్లోనూ ఇదే చూపు. అమెరికాలో 1977 నుంచి 1993 దాకా గర్భం దాల్చే వయసు స్త్రీలను తొలిదశ పరీక్షలకు దూరంగా ఉంచారు. నిద్రమాత్ర జోల్పిడెమ్ వాడకంలోకి వచ్చిన ఇరవై ఏళ్లకు, 2013లో, స్త్రీలకు మోతాదును 10 నుంచి 5 మిల్లీగ్రాములకు తగ్గించారు. ఆడవాళ్ల ఒంట్లోంచి ఆ మందు నెమ్మదిగా పోతుంది మరి.

కాబట్టి ఇకపై ప్రతి ఆరోగ్య కథనం కింద మూడు లైన్లు వేయండి: ఎంతమందిలో ఎందరికి, పరీక్షలో స్త్రీలు ఎందరు, ఖర్చు ఎవరు పెట్టుకున్నారు. అలాగే నెలసరి నొప్పి రాసుకునే పట్టికను కత్తిరించి దాచుకునేలా ఒకసారి మహిళల పేజీలో అచ్చువేయండి. రోజుకొకటి చొప్పున ముప్పై ఐదు గడులుంటే సరిపోతుంది.

ఇట్లు,
ఒక పాఠకురాలు